సైట్లు నాలుగు దిక్కులా, రిజిస్టర్ మాత్రం ఒకటే: రేడియోగ్రఫీ కంపెనీలో సేఫ్టీ ఇన్‌స్పెక్షన్లు కలిపి నడపడం ఎలా

రాత్రి పదకొండుంబావుకి ఫోన్. "సార్, గేట్ దగ్గరకి ఏఈఆర్‌బీ వాళ్లు వచ్చారంట, పాస్ లేదని సెక్యూరిటీ ఆపేశారు, ఏం చెయ్యమంటారు?" సైట్ మన రాష్ట్రంలో కూడా కాదు. నేను వైజాగ్‌లో ఇంట్లో పడుకుని ఉన్నా, ఆ కుర్రాడు అక్కడ పైప్ రాక్ కింద కెమెరా (ఫోటోలు తీసేది కాదు, లోపల రేడియోధార్మిక సోర్స్ ఉండే డబ్బా, పైపు వెల్డింగ్‌లో లోపాలు ఫిల్మ్ మీద చూడటానికి) పెట్టుకుని ఆరో జాయింట్‌కి ఫిల్మ్ కడుతున్నాడు. వచ్చినాయన, అంటే రేడియేషన్ భద్రత చూసే ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్, నలభై నిమిషాలు గేటు బయటే నిలబడ్డారు, ఎట్టకేలకు లోపలికొచ్చాక అడిగిన మొదటి ప్రశ్న "ఈ కెమెరా మా సిస్టమ్‌లో ఇంకా పాత సైట్‌లోనే ఉన్నట్టు చూపిస్తోంది, ఇక్కడికి ఎప్పుడొచ్చింది, ఎలా వచ్చింది?" మా కుర్రాడి దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే నా దగ్గర కూడా లేదు.

ఆ రాత్రి తర్వాత మేం పని చేసే పద్ధతి మొత్తం మార్చుకున్నాం, అదే ఇక్కడ చెప్తున్నా. మీది కూడా ఒక ఆఫీసు, నాలుగైదు రాష్ట్రాల్లో సైట్లు, పది పన్నెండు కెమెరాలు అటూ ఇటూ తిరిగే ఎన్‌డీటీ (పైపు కొయ్యకుండానే లోపాలు పట్టే) కంపెనీ అయితే పనికొస్తుంది. హాస్పిటల్ చెయిన్లలో రేడియోథెరపీ చూసేవాళ్లకీ, సిమెంట్ స్టీలు ఫ్యాక్టరీల్లో న్యూక్లియానిక్ గేజ్‌లు (రేడియేషన్‌తో మందం, మట్టం కొలిచే పరికరాలు) చూసేవాళ్లకీ సగం వర్తిస్తుంది గానీ వాళ్ల సోర్స్ ఒక చోటే కదలకుండా ఉంటుంది, మనది లారీ ఎక్కి తిరుగుతుంది, అసలు గొడవంతా అక్కడే.

ముందు ఎవరు వస్తారో చూద్దాం. ఏఈఆర్‌బీ అంటే అటమిక్ ఎనర్జీ రెగ్యులేటరీ బోర్డ్, 1983లో పెట్టారు, హెడ్డాఫీసు ముంబై అణుశక్తినగర్‌లో. దాని కింద చెన్నైలో దక్షిణానికి, కోల్‌కతాలో తూర్పుకి, ఢిల్లీలో ఉత్తరానికి రీజనల్ సెంటర్లున్నాయి. అంటే మీ వైజాగ్ సైట్‌కి వచ్చినాయనా పారాదీప్‌కి వచ్చినాయనా పానిపట్‌కి వచ్చినాయనా వేర్వేరు మనుషులు, ఒకరికొకరు ఫోన్ చేసుకుంటారో లేదో మనకి తెలీదు, కానీ ముగ్గురూ చూసేది ఒకటే ఈలోరా. అదేనండీ, లైసెన్సులన్నీ నడిచే వాళ్ల ఆన్‌లైన్ పోర్టల్, గుహలు కాదు. 2013 నుంచి ఉంది. సోర్స్ కొనాలన్నా, ఆర్‌ఎస్‌ఓని (రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్) నామినేట్ చెయ్యాలన్నా, కెమెరా ఒక సైట్ నుంచి ఇంకో సైట్‌కి కదలాలన్నా, ఇన్‌స్పెక్షన్‌లో దొరికినదానికి జవాబు పెట్టాలన్నా అందులోనే. మనం మాత్రం పిచ్చోళ్లలాగా సైట్‌కో ఎక్సెల్ షీట్, ఇన్‌చార్జ్‌కో వాట్సాప్ గ్రూప్ పెట్టుకుని నడిపిస్తాం. అవతలివాళ్లది ఒకటే పుస్తకం, మనవి ఆరు పుస్తకాలు, ఇంక లెక్క ఎక్కడ కలుస్తుంది?

అందుకే మొట్టమొదట చెయ్యాల్సింది ఆ ఆరు పుస్తకాల్ని చించి ఒకటి చెయ్యడం. మా మాస్టర్ రిజిస్టర్‌లో వరస ఒక్కటికి ఒక కెమెరా. కెమెరా సీరియల్ నంబర్, లోపలున్న సోర్స్ సీరియల్ నంబర్ (ఈ రెండూ వేరు అని కొత్తగా చేరిన ఆఫీసు స్టాఫ్‌కి పదిసార్లు చెప్పాల్సొస్తుంది, కెమెరా ఏళ్ల తరబడి ఉంటుంది, లోపల సోర్స్ కొన్ని నెలలకోసారి మారుతుంది), సోర్స్ లోడ్ చేసిన తేదీ, ఆ రోజు ఎన్ని క్యూరీలు (సోర్స్ బలం కొలత), ఇవాళ ఎన్ని క్యూరీలు, ఎవరి చేతిలో ఉంది, ఇవాళ ఎక్కడుంది, ఈలోరాలో ఎక్కడున్నట్టు ఉంది. చివరి రెండు కాలమ్‌లు పక్కపక్కనే పెట్టాం, సైట్ పేర్లు తేడా వస్తే గడి ఎర్రగా మారుద్ది. అంతే, మా దగ్గరున్న టెక్నాలజీ అంతకుమించి ఏం లేదు. రోజూ రాత్రి పని మొదలయ్యే ముందు ప్రతి ఇన్‌చార్జ్ కెమెరా నేమ్‌ప్లేట్ ఫోటో ఒకటి, పక్కన సర్వే మీటర్ (రేడియేషన్ కొలిచేది) రీడింగ్ కనపడేలా ఇంకోటి పంపాలి, తెల్లారి పిట్‌లో (కెమెరా దాచే గుంత) పెట్టి తాళం వేశాక మళ్లీ అవే రెండు. మొదట్లో "మా మీద నమ్మకం లేదా సార్" అని అలిగారు. నమ్మకం కాదు బాబూ, పని అయిపోయాక సోర్స్ కెమెరాలోకి పూర్తిగా వెనక్కి వచ్చిందని మీటరు చెప్పాలి గానీ సోర్స్‌ని బయటికి తోసి వెనక్కి లాగే క్రాంక్ తిప్పిన చెయ్యి చెప్తే కుదరదు అని ఒక్కొక్కరికీ వివరించాక సర్దుకున్నారు.

ఎన్ని క్యూరీలు అన్న కాలమ్ గురించి ఇంకాస్త చెప్పాలి, మా పరువు పోయింది అక్కడే కాబట్టి. మా కెమెరాల్లో సోర్స్‌గా ఉండే ఇరిడియం-192 దాదాపు 74 రోజులకి సగం అయిపోద్ది. ఇవాళ 40 క్యూరీలు లోడ్ చేస్తే రెండున్నర నెలలకి 20, ఐదు నెలలకి 10. మా సైట్ ఒకదాంట్లో లాగ్‌బుక్ రాసే కుర్రాడు మొదటి పేజీలో రాసిన 40ని ఐదు నెలలూ అలాగే దించుకుంటూ పోయాడు. ఇన్‌స్పెక్టర్ పక్క కాలమ్ చూశారు, అదే మందం పైపుకి మొదట్లో షాట్‌కి ఐదు నిమిషాలు పట్టేది ఇప్పుడు ఇరవై పడుతోంది. "సోర్స్ తగ్గలేదంటున్నారు, టైమ్ మాత్రం నాలుగింతలైంది, మీ పైపు ఏమైనా లావెక్కిందా?" అని అడిగారు. నవ్వుతూనే అడిగారు గానీ రిపోర్ట్‌లో మాత్రం నవ్వకుండా రాశారు. ఇప్పుడు ప్రతి కెమెరాకీ ఒక డికే చార్ట్ ప్రింట్ తీసి లాగ్‌బుక్ అట్ట లోపలివైపు అంటిస్తున్నాం, తేదీ చూసి అంకె రాయడమే.

అదే అంకె మీద కార్డన్ దూరం, అంటే ఎవరూ దాటకుండా తాడు కట్టే దూరం, కూడా ఆధారపడుతుంది. 40 క్యూరీల ఇరిడియం బయటికొస్తే, ఏ అడ్డూ లేకుండా, మీటర్ దూరంలో గంటకి సుమారు 190 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి పడే డోస్ కొలత). మన పనివాళ్లకి ఏడాదికి సగటున ఉండాల్సిన హద్దు 20 (ఐదేళ్లకి కలిపి 100, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు), అంటే మీటర్ దూరంలో ఆరున్నర నిమిషాలు నిలబడితే ఏడాది కోటా అయిపోయింది. దూరం పెరిగేకొద్దీ వర్గం లెక్కన తగ్గుతుంది, పది మీటర్ల దగ్గర 1.9 మిల్లీసీవర్ట్, 140 మీటర్ల దగ్గరకి వెళ్తే గాని తాడు కట్టే స్థాయికి, గంటకి 10 మైక్రోసీవర్ట్‌లకి, దిగదు. రిఫైనరీ లోపల 140 మీటర్లు ఖాళీ చేయించడం మన తరమా? అందుకే కొలిమేటర్, సోర్స్ చుట్టూ పెట్టే షీల్డింగ్ ముక్క. అది రేడియేషన్‌ని పదహారో వంతుకి కోసేస్తే దూరం నాలుగో వంతు అవుతుంది, 35 మీటర్లు, అది సాధ్యమే. ఈ లెక్క సైట్ ఇన్‌చార్జ్ నోటితో చెప్పగలగాలి. ఇన్‌స్పెక్టర్ ఏ రీజియన్ నుంచి వచ్చినా ఇది మాత్రం అడుగుతారు, "ఈ తాడు ఇక్కడే ఎందుకు కట్టారు?" అని. "సార్ చెప్పారు" అన్నది జవాబు కాదు. తాడు దగ్గర మీటర్ పెట్టి చూశాం, ఇంత వచ్చింది, లాగ్‌లో రాశాం, అన్నది జవాబు.

ఇక మనుషుల సంగతి. కెమెరాల కంటే మనుషులే ఎక్కువ తిరుగుతారు మన దగ్గర, జామ్‌నగర్‌లో షట్‌డౌన్ (ప్లాంట్ ఆపి చేసే రిపేర్లు) వచ్చిందంటే ముగ్గుర్ని రాత్రికి రాత్రి రైలెక్కిస్తాం. బ్యాగులో బట్టలుంటాయి, టీఎల్‌డీ బ్యాడ్జ్ (మనిషికి ఎంత డోస్ పడిందో లెక్కపెట్టేది) మాత్రం పాత సైట్ బోర్డుకి వేలాడుతుంటుంది. అక్కడికెళ్లాక ఎవరిదో స్పేర్ తగిలించుకుంటాడు. మూడు నెలలయ్యాక రిపోర్ట్ వస్తే పని చేసినవాడికి సున్నా, ఊళ్లో పెళ్లికి సెలవు పెట్టినవాడికి డోస్. బ్యాడ్జ్ అంటే మనిషి, సైట్ కాదు, టికెట్ బుక్ చేసే అడ్మిన్ అమ్మాయికే ఈ పని అప్పజెప్పాం, బ్యాడ్జ్ మెళ్లో పెట్టుకున్న సెల్ఫీ వస్తేగాని ఆవిడ టికెట్ పంపదు. ఇది బాగా పని చేసింది, నేను పదేళ్లు అరిచినా రాని మార్పు ఆవిడ నెలలో తెచ్చింది.

కంట్రోల్ బ్యాడ్జ్ అని ఒకటుంటుంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. ఎవరూ పెట్టుకోని బ్యాడ్జ్ అది, మామూలుగా వాతావరణంలో ఉండే రేడియేషన్ ఎంతో చూసి మిగతావాటిలోంచి తీసెయ్యడానికి. ఒక సైట్‌లో దాన్ని భద్రంగా, తాళం వేసి, ఎక్కడ పెట్టారనుకున్నారు? సోర్స్ పిట్ ఉన్న గదిలో. దానికే బోలెడు డోస్ పడిపోయి మిగతావాళ్ల రీడింగ్‌లన్నీ అర్థం లేకుండా అయిపోయాయి. నేను ఏ సైట్‌కి వెళ్లినా ముందు చూసేది ఇదే, ఫైళ్లు తర్వాత.

రేడియోగ్రాఫర్ల సర్టిఫికెట్లు, ఆర్‌ఎస్‌ఓ అప్రూవల్ గడువు, సర్వే మీటర్ కాలిబ్రేషన్ గడువు, ఇవన్నీ మాస్టర్ రిజిస్టర్‌లోనే ఇంకో షీట్, గడువుకి మూడు నెలల ముందు గడి పసుపు రంగులోకి వస్తుంది. మీటర్ల విషయంలో ఒకటే జాగ్రత్త, కాలిబ్రేషన్‌కి పంపిన మీటర్ బదులు పక్క సైట్ మీటర్ అరువు తెచ్చుకుంటే సర్టిఫికెట్ కాపీ కూడా మీటర్‌తో పాటే రావాలి.

కెమెరా ఒక రీజియన్ దాటి ఇంకో రీజియన్‌లోకి వెళ్లేటప్పుడు మూడు పనులు వరసగా అవ్వాలి, వరస తప్పితే మొదట్లో చెప్పిన రాత్రి మీకూ వస్తుంది. ఈలోరాలో మూవ్‌మెంట్ పర్మిషన్ వచ్చాకే బండి. పర్మిషన్ పెట్టాం కదా వస్తుందిలే అని బండి ఎక్కించెయ్యడమే మేం చేసిన తప్పు, క్లయింట్ ఒత్తిడి, షట్‌డౌన్ పోతోంది అని. రెండోది ప్యాకింగ్, లేబుల్. బయలుదేరే ముందు కెమెరాకి మీటర్ దూరంలో అన్ని వైపులా కొలిచి, గంటకి గరిష్ఠంగా వచ్చిన మిల్లీసీవర్ట్ అంకెని వందతో గుణిస్తే ట్రాన్స్‌పోర్ట్ ఇండెక్స్ (టీఐ). 0.008 వస్తే టీఐ 0.8. టీఐ ఒకటి లోపు ఉండి పైన ముట్టుకునే చోట గంటకి 0.5 మిల్లీసీవర్ట్ దాటకపోతే కేటగరీ టూ యెల్లో లేబుల్, దాటితే త్రీ యెల్లో. పాత ట్రిప్ లేబుల్ మీద కొత్త అంకె కొట్టి రాయకండి, పీకి కొత్తది అంటించండి. డ్రైవర్ దగ్గర ట్రెమ్ కార్డ్ (దారిలో ప్రమాదం జరిగితే ఏం చెయ్యాలో రాసిన కార్డు) ఉండాలి, అది ఏంటో డ్రైవర్‌కి తెలిసుండాలి, యాక్సిడెంట్ అయితే ఎవరికి ఫోన్ చెయ్యాలో అతనికి అర్థమయ్యే భాషలో ఇంకో కాగితం మీద రాసివ్వండి, మేం తెలుగు హిందీ రెండూ ఇస్తాం. బస్సులో రైల్లో ఆటోలో కెమెరా ఎక్కించడం కలలో కూడా వద్దు. పాతిక కిలోల డబ్బా కదా ఎవరు చూస్తారు అనే మేధావులు ప్రతి కంపెనీలో ఒకరుంటారు, వాళ్లెవరో మీకు తెలిసే ఉంటుంది. మూడోది అటువైపు చేరాక పిట్‌లో పెట్టిన ఫోటో, రీడింగ్, చేరిన టైమ్. అది వచ్చేదాకా ఇటువైపు ఇన్‌చార్జ్ బాధ్యత తీరదు. ఇద్దరిలో ఎవరి బాధ్యతా కాని గంట అంటూ ఉండకూడదు, సోర్సులు పోయేది ఆ గంటలోనే.

గేట్ సంగతి ముందే తేల్చుకోండి. సైట్ మనది కాదు, రిఫైనరీ వాళ్లదో పోర్టు వాళ్లదో. ఏఈఆర్‌బీ ఇన్‌స్పెక్టర్‌కి చట్టప్రకారం లోపలికొచ్చి చూసే అధికారం ఉంది గానీ రాత్రి డ్యూటీలో ఉన్న సెక్యూరిటీ గార్డుకి ఆ సంగతి ఎవరు చెప్పారు? పని మొదలైన వారంలోనే ప్లాంట్ సేఫ్టీ డిపార్ట్‌మెంట్‌కి ఒక లెటర్ ఇచ్చి, చెప్పకుండా ఏ టైమ్‌లోనైనా ఇన్‌స్పెక్షన్ రావొచ్చు, వస్తే ఐడీ చూసి ఈ నంబర్‌కి ఫోన్ చెయ్యండి, ఆపొద్దు, అని రాసి, వాళ్ల సంతకం తీసుకుని గేట్ దగ్గర కాపీ పెట్టించాలి. రేడియోగ్రఫీకి వర్క్ పర్మిట్ ఇచ్చే రాత్రుల్లో షిఫ్ట్ ఇంజనీర్‌కి కూడా గుర్తు చెయ్యాలి.

ఇప్పుడు అసలు కోఆర్డినేషన్. వాళ్లు వచ్చేదాకా ఆగకుండా మనమే మన సైట్లని చూసుకోవడం. మేం చేసేది ఏంటంటే పారాదీప్ ఇన్‌చార్జ్ వెళ్లి జామ్‌నగర్‌ని చూస్తాడు, జామ్‌నగర్ ఆయన వైజాగ్‌కి వస్తాడు, వైజాగ్ ఆయన పానిపట్ వెళ్తాడు. ఖర్చు అవుద్ది, మేనేజ్‌మెంట్ మొహం చిట్లిస్తుంది, అయినా ఇదే మంచిది. హెడ్డాఫీసు నుంచి నేను వెళ్తే అందరూ ఫైళ్లు సర్దేసి కాఫీ ఇస్తారు. సాటి ఇన్‌చార్జ్ వెళ్తే వాడికి దొంగదారులన్నీ తెలుసు, వాడూ అవే చేస్తాడు కాబట్టి. రూల్ ఒకటే, వెళ్లగానే ఫైల్ అడగకూడదు, చీకటి పడేదాకా ఆగి నేరుగా షాట్ జరిగే చోటికి వెళ్లాలి. గైడ్ ట్యూబ్ (సోర్స్ బయటికి వెళ్లే గొట్టం) ఎక్కడైనా నొక్కుకుపోయిందా, సోర్స్‌ని తోసే డ్రైవ్ కేబుల్ చివర కనెక్టర్ గేజ్‌తో చూశారా, మీటర్ బ్యాటరీ ఉందా, కార్డన్ తాడు దగ్గర మనిషున్నాడా లేక తాడే కాపలా కాస్తోందా. తర్వాత ఎమర్జెన్సీ కిట్ తెరిపించాలి. పొడవాటి టాంగ్స్, సీసం సంచులు, సోర్స్ ఇరుక్కుపోతే పెట్టడానికి షీల్డెడ్ డబ్బా ఉండాలి. ఉన్నాయా లేదా అని కాదు, "సోర్స్ ట్యూబ్‌లో ఇరుక్కుంది అనుకో, ఇప్పుడు ఏం చేస్తావు చూపించు" అని డమ్మీతో చేయించాలి. ఒకచోట కిట్ తాళం చెవి ఇన్‌చార్జ్ రూమ్‌లో ఉంది, రూమ్ సైట్‌కి ఎనిమిది కిలోమీటర్లు. కాగితం మీద ఆ సైట్‌కి కిట్ ఉన్నట్టే లెక్క.

నిజం ఇన్‌స్పెక్షన్ రోజు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మాట్లాడేది ఆ రాత్రి పని చేస్తున్న ఇన్‌చార్జే, నేను ఫోన్‌లో ఉంటా గానీ అడిగితేనే నోరు తెరుస్తా. తెలీని ప్రశ్నకి తెలీదు అనాలి. ఖాళీగా ఉన్న లాగ్ పేజీలు అప్పటికప్పుడు ఒకే పెన్నుతో నింపడం లాంటి పనులు చేస్తే మాత్రం నేను వెనకేసుకురాను అని ముందే చెప్పేశా. రాయడం మర్చిపోవడం ఒక లోపం, అంతే, దానికి జవాబు రాసి దిద్దుకోవచ్చు. దొంగ రికార్డు వేరే కేసు, సస్పెన్షన్ దాకా వెళ్లొచ్చు, అప్పుడు ఆ సైట్ ఒక్కటే కాదు, మొత్తం కంపెనీ బువ్వ పోద్ది.

రిపోర్ట్ వచ్చాక చాలా కంపెనీలు చేసే పని, ఏ సైట్‌లో దొరికిందో ఆ సైట్‌కే మెయిల్ ఫార్వర్డ్ చేసి "ప్లీజ్ కంప్లై" అని వదిలెయ్యడం. మేం కూడా అంతే చేసేవాళ్లం. చెన్నై వాళ్లకి వైజాగ్‌లో కాలిబ్రేషన్ గడువు దాటిన మీటర్ దొరికింది, అక్కడ మార్చాం, ఫోటో పెట్టాం, క్లోజ్ అయిపోయింది అనుకున్నాం. రెండు నెలలకి కోల్‌కతా వాళ్లకి పారాదీప్‌లో అదే దొరికింది. ఈసారి వాళ్లు రాసింది మీటర్ గురించి కాదు, ఇంతకుముందు ఇదే లోపం ఎత్తిచూపినా సంస్థ దిద్దుకోలేదు అని. మనకేమో రెండు సైట్లు, వాళ్లకి ఒకటే సంస్థ. ఇప్పుడు ఎక్కడ ఏం దొరికినా ఆ వారంలోనే అన్ని సైట్లకీ అదే ప్రశ్న వెళ్తుంది, ఫోటోతో జవాబు రావాలి, అన్నీ వచ్చాకే ఈలోరాలో జవాబు పెడతాం, "ఈ సైట్‌లో సరిచేశాం, మిగతా సైట్లలో కూడా చూశాం, ఇంకో రెండుచోట్ల కూడా ఉంది, అవి కూడా మార్చాం" అని. మనమే ఇంకో రెండు ఒప్పుకోవడం ఏంటి అని మా డైరెక్టర్ గారు మొదట్లో గింజుకున్నారు. ఆ తర్వాత వచ్చిన ఇన్‌స్పెక్షన్‌లో ఆ పాయింట్ ఎవరూ ఎత్తలేదు, ఆయన కూడా ఎత్తలేదు.

చివరగా అందరూ మర్చిపోయేది, పని అయిపోయిన సైట్లూ అయిపోయిన సోర్సులూ. ప్రాజెక్ట్ ముగుస్తుంది, మనుషులు వచ్చేస్తారు, రెండు క్యూరీలకి దిగిపోయిన సోర్స్‌తో కెమెరా ఒకటి ఏదో పిట్‌లో ఉండిపోతుంది, షాట్‌కి పనికిరాదు కాబట్టి ఎవరూ అడగరు. 2010లో ఢిల్లీ మాయాపురిలో జరిగింది అలాంటిదే. 1985 నుంచి వాడకుండా యూనివర్సిటీ ల్యాబ్‌లో పడున్న కోబాల్ట్-60 గామా సెల్‌ని (ల్యాబ్‌లో వాడే రేడియేషన్ యంత్రం) ఫిబ్రవరిలో వేలంలో తుక్కు కింద అమ్మేశారు, ఏప్రిల్‌కల్లా స్క్రాప్ మార్కెట్‌లో ఒకాయన చనిపోయాడు, ఇంకొంతమంది ఆసుపత్రి పాలయ్యారు. కాబట్టి ఐదు క్యూరీల కింద పడ్డ ప్రతి సోర్స్‌కీ మా రిజిస్టర్‌లో వాపసు తేదీ పడిపోద్ది, సోర్సులు సప్లై చేసే ప్రభుత్వ సంస్థ, నవీ ముంబై బ్రిట్ నుంచి వచ్చింది బ్రిట్‌కే, ఇంపోర్టెడ్ అయితే సప్లయర్ ద్వారా తయారీదారుకే, వాళ్లు తీసుకున్నట్టు కాగితం స్కాన్ అయ్యేదాకా ఆ వరస చెరిపెయ్యకూడదు. సోర్స్ వెళ్లిపోయాక ఖాళీ కెమెరా కూడా మామూలు ఇనప డబ్బా అనుకోకండి. డెల్టా 880 లాంటి కెమెరా మోడళ్లలో షీల్డింగ్‌గా ఉండేది డిప్లీటెడ్ యురేనియం, లోపల ఇరిడియం లేకపోయినా అది రేడియోయాక్టివ్ మెటీరియలే, దాన్ని కూడా రిజిస్టర్‌లో ఉంచాలి, తాళం వెయ్యాలి, తీసెయ్యాలంటే పర్మిషన్ తీసుకునే తీసెయ్యాలి. మా రిజిస్టర్‌లో ఇప్పుడు అలాంటి ఖాళీవి రెండున్నాయి, వాటికి కూడా రోజూ నేమ్‌ప్లేట్ ఫోటో వస్తుంది.